ఎదురుకాళ్ల అక్క

ఆళ్లగడ్డ
10-7-1955

చిరంజీవి తమ్ముడు చెన్నకేశవులుకు అక్క దీవెనలు.

నీ ఉత్తరం కోసం చూసి చూసి చివరికి నేనే రాస్తున్నాను. నంద్యాల హైస్కూల్లో అయ్యవారి ఉద్యోగం వచ్చాక అక్కకు ఒక కార్డు ముక్క రాయడానికి కూడా తీరిక లేదా? లేక మా మరదలు ఉమామహేశ్వరమ్మ నిన్ను పోస్టాఫీసు దాకా పోనివ్వడం లేదా? తనను అడిగానని చెప్పు.

ఇక్కడ మీ బావ మద్దిలేటి కొర్ర విత్తనం వేసి ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇంకొక్క వాన పడితే చాలు. మా అత్త పద్మమ్మకు కళ్లు మసకలు ఎక్కువయ్యాయి. నోరు మాత్రం ఏమీ తగ్గలేదు.

ఈ రోజు ఆదివారం కదా, తెల్లవారక ముందే వాకిట్లో జనం. విత్తనాల కాలం వస్తే ఊళ్లో నడుములు పట్టుకోవడం ఎక్కువ. వాళ్లు పరగడుపున రావడం, గడప ముందు బోర్లా పడుకోవడం, నేను ఎడమ కాలి మడమతో మూడు సార్లు తన్నడం, వాళ్లు లేచి నోరు విప్పకుండా, వెనక్కి తిరిగి చూడకుండా పోవడం. అమ్మ కడుపులోంచి తల బదులు కాళ్లు ముందు పెట్టి వచ్చినందుకు దేవుడు నాకిచ్చిన ఉద్యోగం ఇది. నీకు సర్కారు జీతం ఇస్తుంది. నేను ఎవరి దగ్గరా ఆకు వక్క కూడా ముట్టకూడదు. చిన్నప్పుడు నీకు నడుము పడితే నేనే తన్నేదాన్ని గుర్తుందా? వెనక్కి చూడొద్దురా అంటే ఖచ్చితంగా చూసి నవ్వేవాడివి. అందుకే నీకు ఎప్పుడూ సగమే నయమయ్యేది.

మా అత్త ఈ మధ్య నన్ను చూసి ఒకటే నవ్వు. కింద పడిన గరిటె తీయాలన్నా నేను నడుము వంచనట. వీపు నిటారుగా పెట్టుకుని మోకాళ్లు మడిచి కూర్చుని తీస్తానట. "ఏందే, రాణివైపోయినావా? వంగేదానికి నామోషీనా?" అంటుంది. ఆమెకు కళ్లు కనపడవు గానీ ఇవన్నీ కనపడతాయి. బర్రెకు చొప్ప మోసి మోసి వీపు బిగుసుకుంది, అంతే. ఊరందరినీ తన్నేదాన్ని, నన్ను తన్నేవాళ్లు ఎవరున్నారు చెప్పు.

దసరాకు ఇద్దరూ రండి.

మీ అక్క
రామేశ్వరమ్మ

నంద్యాల
2-8-1955

అక్కకు నమస్కారాలు.

ఆలస్యానికి కారణం వింటే నువ్వు తిట్టవు. మొన్న టౌను హాల్లో నా ఉపన్యాసం పెట్టారు. విషయం మనిషి వెన్నెముక. ఊళ్లో పెద్దలు, వ్యాపారులు, ఇద్దరు డాక్టర్లు కూడా వచ్చారు. మా స్కూలుకు మద్రాసు నుంచి తెప్పించిన అస్థిపంజరాన్ని బండిలో తీసుకుపోయి వేదిక మీద నిలబెట్టాను. బండి తోలినవాడు దానికి దండం పెట్టి, నుదుట విభూతి రాసి మరీ దించాడు.

వెన్నెముక అంటే ఒకే ఎముక అనుకుంటారు అందరూ. కాదక్కా, దండలో గుచ్చినట్టు ఒకదాని మీద ఒకటి నిలబెట్టిన పూసలు. మెడలో ఏడు, వీపులో పన్నెండు, నడుములో ఐదు, ఆ కింద ఒకదానికొకటి అతుక్కుపోయినవి కొన్ని. పూసకూ పూసకూ నడుమ ఒక మెత్తటి బిళ్ల ఉండబట్టే మనం వంగుతాం, తిరుగుతాం. పూసల వెనక రంధ్రాలన్నీ కలిసి ఒక గొట్టం అవుతాయి. అందులో వెన్నుపాము ఉంటుంది, చిటికెన వేలంత లావు కూడా ఉండదు. దాని మీద కొంచెం ఒత్తిడి పడితే చాలు, కాళ్లు మనవి కాకుండా పోతాయి. ఇదంతా బెత్తంతో ఒక్కొక్క పూసనూ చూపించి చెప్పాను. హాలు నిశ్శబ్దంగా వింది.

మధ్యలో ఒకచోట జనం బాగా నవ్వారు. ఆ సంగతి వచ్చినప్పుడు చెబుతానులే.

నీ రాణీ వేషం గురించి ఉమామహేశ్వరమ్మకు చదివి వినిపించాను. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. నీది మొదటి నుంచీ దొరసాని నడకే కదా. దసరాకు తప్పక వస్తాం.

నీ తమ్ముడు
చెన్నకేశవులు

ఆళ్లగడ్డ
12-8-1955

హైస్కూలు అయ్యవారు చెన్నకేశవులు గారికి,

మీరు వచ్చినప్పుడు చెబుతానన్న సంగతి మాకు ముందే అందింది. గుడ్డల వ్యాపారి శ్రీనివాసులు సరుకు కోసం నంద్యాలకు వచ్చి, మీ ఉపన్యాసం ముందు వరసలో కూర్చుని విన్నాడు.

పోయిన ఆదివారం ఒక ముసలాయన రుద్రవరం నుంచి నడుము పట్టుకుని నడిచి వచ్చి మా గడప ముందు పడుకున్నాడు. నేను కాలు ఎత్తాను. శ్రీనివాసులు వీధిలో పోతున్నవాడు ఆగి, "ఏమప్పా, ఈడికొచ్చినావు? గాడిద దగ్గరికి పోతే ఇంకా గట్టిగా తగులుతాదని ఈయమ్మ తమ్ముడే మీటింగులో చెప్పినాడే" అన్నాడు. పడుకున్న ముసలాయన తల తిప్పి నా మొహం చూశాడు. నేను ఎత్తిన కాలు దించేశాను. తన్నడానికి కాలు రాలేదు. ఆయన మెల్లగా లేచి, వెనక్కి తిరిగి చూసుకుంటూ పోయాడు.

నేను ఎవరినీ రమ్మని పిలవలేదు. నాకు శాస్త్రం తెలుసని ఎవరితోనూ చెప్పలేదు. వచ్చినవాళ్లను పొమ్మనలేక తన్నాను. అమ్మ పోయాక నిన్ను ఉప్పుమూట ఎత్తుకుని బడికి మోసింది కూడా ఈ గాడిదే.

ఇక మీద కార్డు రాయవద్దు, కవరు రాయి. పోస్టు తెచ్చే ఆయన చదివాకే మాకు అందుతోంది. పోయిన పరువు చాలు.

రామేశ్వరమ్మ

నంద్యాల
20-8-1955

అక్కా,

నీ ఉత్తరం మూడు సార్లు మొదలుపెట్టి మూడు సార్లు మడిచి పెట్టాను. చివరి దాకా చదవడానికి ధైర్యం చాలలేదు.

నేను నీ పేరు చెప్పలేదు. ఆళ్లగడ్డ వైపు ఒకామె ఉంది, ఎదురుకాళ్లతో పుట్టిందని జనం ఆమె చేత నడుము తన్నించుకుంటారు అన్నాను, అంతే. తన్నేవాళ్లు లోకంలోకి తలతో వచ్చారో కాళ్లతో వచ్చారో పూసలకు ఏం తెలుసు అన్నాను. అది తప్పు కాదు. శాస్త్రం చెప్పేవాడు అక్క అనీ అత్త అనీ మొహమాటపడితే ఇక పిల్లలకు ఏం చెబుతాడు?

ఇంతవరకు రాసి, పైకి చదువుకున్నాను. నాకే బాగాలేదు. నిజం చెబుతాను. గాడిద మాట నేను రాసుకున్న కాగితాల్లో లేదు. మొదటి మాటకు జనం నవ్వారు. ఆ నవ్వు నాకు రుచిగా ఉంది. ఇంకోసారి నవ్వించాలని అప్పటికప్పుడు నోటికొచ్చింది అన్నాను. ఆ క్షణంలో నువ్వు గుర్తుకు రాలేదు. గుర్తుకొచ్చి అన్నదానికంటే అది మేలో కీడో నాకు తెలియడం లేదు.

దసరాకు రావడానికి మొహం చెల్లడం లేదు. నువ్వు రమ్మంటే వస్తాను.

చెన్నకేశవులు

ఆళ్లగడ్డ
3-11-1955

చిరంజీవి చెన్నకేశవులుకు,

మేమంతా క్షేమం. నువ్వూ మరదలూ క్షేమమని తలుస్తాను. కొర్ర పంట పరవాలేదు. అత్తకు కళ్లు అలాగే ఉన్నాయి. ఆదివారాలు వాకిలి మూసే ఉంచుతున్నాం. దసరాకు మీరు రాలేదని బావ బాధపడ్డాడు. అయిపోయిన మాటలు మళ్లీ ఎత్తవద్దు. దీపావళికి మమ్మల్ని రమ్మని రాశావు. నాకు ఈ మధ్య బస్సు కుదుపు పడడం లేదు, రాలేము.

అక్షరాలు వంకరగా ఉన్నాయని అనుకోవద్దు. పడుకుని రాస్తున్నాను, ఎండాకాలం కాకపోయినా సోమరితనం ఎక్కువైంది.

రామేశ్వరమ్మ

నంద్యాల
6-12-1955

అక్కా,

ఈ ఉత్తరం అందిన వెంటనే జవాబు రాయి. నా మీద కోపం ఉంటే ఉంచుకో, కానీ అడిగినవాటికి ఉన్నది ఉన్నట్టు చెప్పు.

నిన్న పై తరగతి వాళ్లకు పాఠం చెప్పాలని ఒక డాక్టరు గారి దగ్గర ఎరువు తెచ్చిన లావు పుస్తకం తిరగేస్తున్నాను. వెన్నెముకకు క్షయ పడితే రోగి ఎలా ఉంటాడో అందులో రాశారు. నేల మీద పడిన వస్తువును తీయమంటే నడుము వంచడు, వెన్ను కదలకుండా నిటారుగా పెట్టుకుని మోకాళ్లు మడిచి కూర్చుని తీస్తాడు అని ఉంది. అది చదువుతూనే పుస్తకం బోర్లా పెట్టాను. లేచిపోయి నీ జూలై ఉత్తరం వెతికి తీశాను. ఆ మాటే, అక్షరం తేడా లేకుండా, నువ్వు రాశావు. నేను దాన్ని పెళ్లాం ముందు చదివి నవ్వాను. టౌను హాల్లో బెత్తం పట్టుకుని పూసలు లెక్కపెట్టిన మనిషిని, నా సొంత అక్క వీపు గురించి రాస్తే దొరసాని నడక అన్నాను.

సాయంత్రం పూట ఒళ్లు వెచ్చబడుతోందా? తిండి తగ్గిందా? రాత్రి పక్క మీద తిరగబోతే అరుపు వస్తోందా? బావను నీ వీపు మీద మెడ నుంచి కిందికి వేలు రాసి చూడమను. ఎక్కడైనా ఒక పూస పైకి పొడుచుకు వచ్చి తగులుతుందేమో చూడమను. అన్నింటికంటే ముఖ్యం, కాళ్లు. కాళ్లు ఎలా ఉన్నాయి?

నువ్వు పడుకుని ఎందుకు రాస్తున్నావు?

చెన్నకేశవులు

ఆళ్లగడ్డ
14-12-1955

చెన్నకేశవా,

నువ్వు అడిగినవన్నీ ఉన్నాయి. ఇక దాచి ప్రయోజనం లేదు కాబట్టి చెబుతున్నాను.

వీపు నడుమ ఒక పూస పొడుచుకు వచ్చింది. శ్రావణ మాసంలోనే నా చేతికి తగిలింది. రవిక పైకి కనపడకుండా కొంగు నిండా కప్పుకుని తిరిగాను. ఎవరితో చెప్పేది? ఊరి నడుములన్నీ తన్నినదానికి తన వీపే గూని అయిందని తెలిస్తే జనం ఏమంటారు? నీకు రాద్దామని కవరు కూడా తెప్పించాను. రాస్తే వచ్చే ఏటి ఉపన్యాసానికి పనికొస్తుంది అనుకుని ఆ కవరు చించేశాను. నా బుద్ధి అట్లా పోయింది, ఏం చేసేది.

రుద్రవరంలో మాబూబీ అని ఉంది. వాళ్లాయన అద్దకం పని చేస్తాడు. ఆమె కూడా నా మాదిరే ఎదురుకాళ్లతో పుట్టింది. బంధువుల ఇంటికని బావకు అబద్ధం చెప్పి బండి కట్టించుకుని ఆమె దగ్గరికి పోయాను. ఆమె నన్ను చూసి, "నువ్వే అందరినీ తంతావు గదక్కా, నిన్ను నేనెట్ల తన్నేది?" అని తప్పుకోబోయింది. నేను బతిమాలాను. నువ్వు నవ్వినదాన్నే నమ్ముకుని పోయి పడుకున్నాను. మొదటి రెండు సార్లు ఓర్చుకున్నాను. మూడో సారి కళ్ల ముందు మెరుపులు వచ్చాయి. అయినా నియమం ప్రకారం మాట్లాడకుండా లేచి, వెనక్కి చూడకుండా నడిచి వచ్చి బండి ఎక్కాను.

ఆ తర్వాత నుంచి కాళ్లు మొద్దుబారుతూ వచ్చాయి. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. ఒక రోజు బర్రె నా పాదం తొక్కింది. మా అత్త అరిచేదాకా నాకు తెలియలేదు. ఇప్పుడు నాలుగు రోజులుగా లేవడం లేదు. బావ ఎత్తి పెరట్లోకి తీసుకుపోతున్నాడు. ఆడదాన్ని, ఇంతకంటే ఏం రాయను.

వస్తే రా. నా వీపు మాత్రం చూడవద్దు.

రామేశ్వరమ్మ

ఆళ్లగడ్డ
26-4-1956

అక్కా,

మీ ఇంట్లో, నువ్వు పడుకునే మంచం మీద కూర్చుని నీకు ఉత్తరం రాస్తున్నాను. చిత్రంగా ఉంది. నువ్వు మా ఊరి ఆసుపత్రిలో, నేను మీ ఊళ్లో.

వేసవి సెలవులు ఇవ్వగానే నీ దగ్గర కూర్చుని సేవ చేద్దామనుకున్నాను. వెన్ను కదలకుండా నీ వీపు అచ్చున పోసిన సిమెంటు తొట్టిలో పడుకున్న నిన్ను పక్కకు తిప్పాలంటే ఇద్దరు మనుషులు కావాలి కదా, ఒక చెయ్యి నాదవుతుందనుకున్నాను. నువ్వు నర్సు సువార్తమ్మతో, "మా తమ్మున్ని బయటికి పంపమ్మా, వాడుంటే నాకు సిగ్గు" అన్నావు. తెర అవతల నిలబడి విన్నాను. ఇన్నాళ్లూ అటూ ఇటూ తిరిగి చిక్కిపోయిన బావ నా దగ్గరే ఉంటాడు, నువ్వు పోయి మా ఇల్లు చూడు, అత్తకు గంజి కాచి పెట్టు అన్నావు. వచ్చాను. నాకు తగిన పనే.

నీతో ఒక మాట చెప్పలేదు. డిసెంబరులో కారు తెచ్చి నిన్ను ఎత్తుకున్నప్పుడు, వీపు చూడనని నీకు మాట ఇచ్చాను, చూడలేదు. కానీ నా ముంజేతికి ఆ పూస తగిలింది. చీర మీద నుంచి కూడా తెలిసింది. పేరు, లెక్క, ఎన్నోదో కూడా నాకు తెలుసు. హాల్లో బెత్తంతో కొట్టి చూపించిన పూసే అది. నంద్యాల దాకా నా చెయ్యి దాని కిందే ఉంది, తీయడానికి మనసు రాలేదు.

రెండు పూసలు పుచ్చి కుంగిపోయాయి, చీము చేరి వెన్నుపామును ఒత్తుతోంది అని పెద్ద డాక్టరు చెప్పాడు కదా. తన్నినా తన్నకున్నా ఇది వచ్చేదే, తన్నుతో తొందరపడింది అన్నాడు. అక్కడితో ఆగలేదు. శ్రావణంలోనే తీసుకువచ్చి ఉంటే నడిచి వచ్చి నడిచి పోయేది అని కూడా అన్నాడు. ఆ మాట నీకు చెప్పకుండా ఇన్నాళ్లు దాచాను. నిన్ను శ్రావణంలో రానివ్వకుండా చేసింది ఎవరో నాకు తెలుసు.

కాళ్లలో ఏమైనా తెలుస్తోందా?

చెన్నకేశవులు

నంద్యాల
9-5-1956

చెన్నకేశవా,

ఏమీ తెలియడం లేదు.

రోజూ పొద్దున డాక్టరు వచ్చి గుండుసూదితో అరికాలు గుచ్చి, తెలుస్తోందా అని అడుగుతాడు. తెలియదు, తెలియదు అని చెప్పి చెప్పి నాకే సిగ్గేసింది. ఆయన ఇన్ని సూదిమందులు పొడిపిస్తున్నాడు, మరదలు రోజూ ఎండలో క్యారియరు మోసుకొస్తోంది, మీ బావ నాకు చేయరాని చాకిరీ చేస్తున్నాడు. ఇంతమంది కష్టపడుతుంటే నాకు నయం కాకపోతే ఎట్లా అనిపించింది. అందుకే మొన్న ఆయన అడగ్గానే, తెలుస్తోంది సార్ అన్నాను. ఆయన నవ్వలేదు. "నేనింకా గుచ్చలేదమ్మా" అన్నాడు. దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను. వార్డులో అందరూ విన్నారు.

నేను ఇంక లేవనేమో. బావ నిద్రపోయాడనుకుని తెర వెనక ఏడుస్తుంటాను. ఆయన నిద్రపోవడం లేదని తర్వాత తెలిసింది.

డాక్టరు మాట నువ్వు దాచావన్నావు. నాకు ఆ రోజే వినపడింది. నీకు చెప్పకుండా ఉండిపోయాను, నీ మొహం చూసి.

మా అత్త కాఫీలో బెల్లం ఎక్కువ వేయమంటుంది. వేయవద్దు.

రామేశ్వరమ్మ

ఆళ్లగడ్డ
28-5-1956

అక్కా,

నువ్వు మనసు చెడగొట్టుకోకు. ఇక్కడికి వచ్చే ముందు పెద్ద డాక్టరును కలిసిన రోజు ఆయన ఆశ ఉంది అన్నాడు, చీము ఇంకిపోతే వెన్నుపాము మళ్లీ తేరుకోవచ్చు అన్నాడు. ఇది నిన్ను ఊరడించడానికి రాస్తున్నది కాదు. నీకు ఇక ఏదీ దాచనని నిశ్చయించుకున్నాను.

ఇక్కడి సంగతులు చెబుతాను. నేను వచ్చినట్టు తెలిసి, మొదటి ఆదివారం పొద్దున్నే తలుపు తట్టారు. జనం రావడం పూర్తిగా మానలేదు, నువ్వు తలుపు మూసుకుంటే బయట నుంచే పోయేవాళ్లట. నేను తలుపు తీసేసరికి ఒక ముసలాయన. నీ ముందు నుంచి తన్ను తినకుండా లేచిపోయిన రుద్రవరం ఆయనే. నన్ను ఎగాదిగా చూసి, "గాడిద మాట చెప్పిన అయ్యవారు నువ్వేనా?" అని అడిగాడు. అవునన్నాను. "ఆయమ్మ కాళ్లు పడిపోయినాయంట గదా" అన్నాడు. అవునన్నాను. తిట్టి ఉంటే బాగుండేది. అరుగు మీద కూర్చోబెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాను, నేను ఏమన్నానో, నువ్వు ఎందుకు దాచావో. వీధిలో పోతున్నవాళ్లు ఆగి విన్నారు. శ్రీనివాసులు కూడా ఆగాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం వచ్చినవాళ్లందరికీ అదే చెబుతున్నాను. నడుము నొప్పి తగ్గకపోతే ఆసుపత్రికి పొమ్మని కూడా చెబుతున్నాను. కొందరు పోతున్నారు, కొందరు నీ గురించి అడిగి పోతున్నారు.

మాబూబీ వచ్చింది. ఎంత పిలిచినా లోపలికి రాలేదు. గడప బయట కూర్చుని తన ఎడమ కాలిని చేత్తో కొట్టుకుంది. "ఈ కాలితోనే గదన్నా" అంది. డాక్టరు చెప్పింది చెప్పాను, నువ్వు తన్నకపోయినా వచ్చేదే అన్నాను. ఆమె నమ్మలేదు. ఆమె దగ్గరికి నిన్ను పంపింది నేనేనని చెప్పాను. అది మాత్రం నమ్మింది.

ఇప్పుడు నవ్వే సంగతి. నాలుగు రోజుల కింద బావిలో నీళ్లు చేదుతుంటే నడుము పట్టింది. వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను. మీ అత్త గోడ పట్టుకుని వచ్చి చేత్తో తడిమి చూసి, "ఏందప్పా, నువ్వు కూడా ఏమన్నా ఎతుకుతాండావా?" అంది. ఇరుగుపొరుగు పట్టుకుని మంచం మీద వేశారు. మాబూబీని పిలుస్తామన్నారు. వద్దన్నాను. ఆమె ఇక ఎవరినీ తన్నదు, ఒట్టు పెట్టుకుంది. పక్క ఊళ్లో ఇంకెవరో ఉన్నారన్నారు. వద్దన్నాను. మా అక్క వచ్చి తన్నేదాకా ఇట్లనే ఉంటాను అని వాళ్ల ముందే అన్నాను.

నా చదువు మారలేదక్కా. తన్నితే పూస సరిపోతుందని ఇప్పటికీ చెప్పను, పిల్లలకూ చెప్పను. పుచ్చిన ఎముక మీద తన్ను పడితే ఏమవుతుందో నిన్ను చూశాక అసలే చెప్పను. నాది ఎముక జబ్బు కాదు, చేదుడు పని అలవాటు లేని ఒళ్లు, అది నాకు తెలుసు. అయినా నాకు నీ తన్ను కావాలి. ఇంతకంటే బాగా చెప్పడం నాకు రాదు.

చెన్నకేశవులు

నంద్యాల
5-6-1956

చిరంజీవి తమ్ముడు చెన్నకేశవులుకు అక్క దీవెనలు.

నీ ఉత్తరం బావ చేత మూడు సార్లు చదివించుకున్నాను. మా అత్త మాటకు తొట్టి అదిరేలా నవ్వాను.

ఇప్పుడు నేను చెప్పేది నా ఉత్తరంలోనే నీకు తెలియాలని, కవరు అంటించేదాకా మరదలిని కూడా నీకు రాయనివ్వలేదు. కొన్నాళ్ల కింద పొద్దున కాళ్ల మీద దుప్పటి కదిలింది. గాలి అనుకున్నాను. ఈ ఎండల్లో గాలి యాడిది? మళ్లీ కదిలింది. ఎడమ కాలి బొటనవేలు. నేను కదలమంటే కదిలింది, ఆగమంటే ఆగింది. ఎవరితోనూ చెప్పలేదు. ఒకసారి అబద్ధం చెప్పి దొరికినదాన్ని, మళ్లీ నోరెత్తడానికి సిగ్గేసింది. సువార్తమ్మ ఒళ్లు తుడుస్తూ తనే చూసింది. గిన్నె అక్కడే పెట్టి డాక్టరు కోసం పరుగెత్తింది. ఆయన వచ్చి సూది గుచ్చాడు. గుచ్చకముందు నేను మాట్లాడలేదు. గుచ్చగానే అమ్మా అన్నాను. నొప్పికి అంత సంతోషపడిన మనిషిని నేనెక్కడా చూడలేదు.

అప్పటి నుంచి రోజుకు కొంచెం కొంచెం వస్తోంది. కుడి కాలు ఇంకా మొద్దుగానే ఉంది. ఎడమ మడమ పక్క మీద నుంచి నాలుగు వేళ్ల ఎత్తు లేస్తుంది, వెంటనే పడిపోతుంది. తొట్టిలో ఇంకా చాలా నెలలు ఉండాలన్నారు. వీపు మీద గూని పోదన్నారు. ఉండనీ.

నిన్ను తన్నవచ్చా అని డాక్టరును అడిగాను. ముందు ఆయనకు అర్థం కాలేదు, బావ విప్పి చెప్పాడు. ఎముక మీద కాకుండా పక్కన అయితే మీ తమ్ముడికేమీ కాదు, మీ కాలికి మంచిదే అన్నాడు.

అందుకే వచ్చే ఆదివారం పొద్దున్నే రా. పరగడుపున రా, దారిలో కాఫీ తాగవద్దు. మంచం పక్కన నేల మీద కూర్చుని వీపు ఇటు పెట్టు. తొట్టిలో ఉన్నదాన్ని, కాలు పక్కకు జార్చడమే నాకు చేతనవును. పిక్క దగ్గర బావ పట్టుకుంటాడు. వార్డులో అందరూ చూస్తారు, చూడనీ. తన్ను అని పేరే గానీ, తగిలింది నీకు తెలుస్తుందో లేదో. తెలియకపోతే తెలిసిందని అబద్ధం చెప్పవద్దు, ఆ పని నేను చేసి చూశాను.

మూడోది అయ్యాక మాట్లాడకుండా లేచి పో. చిన్నప్పటి మాదిరి వెనక్కి తిరిగి చూడవద్దు. నువ్వు నన్ను ఏదో అడగాలని వస్తావు, నాకు తెలుసు. నీకు చెప్పకుండా దాచినందుకు నేను కూడా ఏదో చెప్పాలనుకుంటాను. మొహం మొహం చూసుకుంటే ఇద్దరికీ నోరు రాదు. ఇట్లయితే నీ మొహం నాకు కనపడదు, నా మొహం నీకు కనపడదు. తలుపు దాటేదాకా అట్లనే పో. బయట మరదలు క్యారియరు పట్టుకుని నిలబడి ఉంటుంది.

మీ అక్క
రామేశ్వరమ్మ